షుజి బిగించిన ఇంజిన్

మే 16, మంగళవారం

పేరు లేదు.

మే 16, సాయంత్రం

ఇందాక ఒక్క మాటే రాశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పదింటికి కార్లు బాగుచేసే ముకైదా షెడ్డుకి వెళ్ళాను. ముకైదా పెద్దాయన కూతురు రిత్సు అప్పటికే నా కారు ఇంజిన్ని దింపి బల్ల మీద పెట్టింది. ముందువైపు మూత మాత్రం నేను వచ్చేదాకా విప్పకుండా ఆగింది. ఆ మూత లోపలివైపు, ఇదే షెడ్డులో పనిచేసిన మా తమ్ముడు షుజి ఉక్కు సూదితో తన పేరూ తారీఖూ గీసి మూసేశాడు. 1996 ఆగస్టు. నా కళ్ళముందే గీశాడు. వాడు పోయి పాతికేళ్ళు. వాడి చేత్తో మూసినదాన్ని ఇంకొకరు తెరవకూడదని ఇన్నేళ్ళూ పట్టుబట్టి కూర్చున్నాను. ఈ వసంతంలో కారు వేడెక్కాక స్టార్టు కావడం మానేసింది. ఇంజిన్ లోపలి ఒత్తిడి, అదే కంప్రెషన్, పూర్తిగా పడిపోయింది, విప్పక తప్పదని రిత్సు తేల్చి చెప్పింది. ఒప్పుకున్నాను. ఆ పేరు ఒక్కసారి కళ్ళారా చూడొచ్చన్న ఆశ కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు.

రిత్సు మూత విప్పి గుడ్డతో తుడిచింది. వెలుతురులోకి తిప్పింది.

"బాబాయ్, ఏ పక్క గీశారు?"

"కింద, ఎడమ వైపు."

మళ్ళీ తుడిచింది. జిడ్డు వదిలించే మందు పోసి తుడిచింది. టార్చి వేసింది. నున్నటి అల్యూమినియం తప్ప ఏమీ లేదు.

"మూత ఒక్కటే మార్చి ఉంటారేమో" అన్నాను.

"మూత కాదు బాబాయ్. మొత్తం ఇంజినే వేరు. ఇది మీ కారు తర్వాత వచ్చిన మోడల్‌ది. మూతకి పూసిన జిగురు చూడండి, ఇది మా నాన్న వాడినదే. కానీ ఈ రకం బజార్లోకి వచ్చేసరికి షుజి బాబాయ్ లేరు."

నూనె డబ్బా మీద కూర్చున్నాను. రిత్సు బార్లీ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తనకేమీ తెలియదంది, అప్పుడు బడిలో చదువుకుంటోందట. వాళ్ళ నాన్న పోయి రెండేళ్ళయింది, అడగడానికి మనిషి లేడు. పాత కాగితాలు వెతుకుతానంది.

ఇంటికొచ్చి నా భార్య చిజురుతో ఏమీ అనలేదు. అన్నం తిన్నాను. ఏం తిన్నానో చెప్పమంటే చెప్పలేను.

మే 17

రిజిస్ట్రేషన్ కాగితం మూడుసార్లు చూశాను. దాంట్లో కారు నంబరు ఉంటుంది, ఇంజిన్ రకం ఉంటుంది, ఏ ఇంజినో ఉండదు. రెండేళ్ళకోసారి తనిఖీ చేసే వాళ్ళకి అదే చాలు. అంటే ఎవరైనా ఏదైనా పెట్టొచ్చు, పెట్టి నోరు మూసుకోవచ్చు.

ముప్పై నాలుగేళ్ళు ఈ కారుని సాకాను. 1989లో కొత్తది కొన్నప్పుడు మా అమ్మ దాని చుట్టూ ఓసారి తిరిగి, వెనక సీట్లో పిల్లి కూడా పట్టదని నవ్వింది. దాచుకున్న డబ్బంతా దానికే పోయింది. రెండుసార్లు పెట్రోలు పోస్తే ఒకసారి ఇంజిన్ నూనె పోయాలి, దాని పుట్టుకే అంత. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి, నీడలోంచి ఎండలోకి జరిపి ఆపేయకూడదు. అలా చేస్తే ప్లగ్గులు పెట్రోలులో మునుగుతాయి, ఇక ఆ రోజుకి అది కదలదు. అందుకని వాకిలి కడగాలంటే ముందు ఇరవై నిమిషాలు ఊరంతా తిరిగి రావాలి. తుఫానుల్లో దానికి కాపలాగా గంటల తరబడి మెలకువగా కూర్చున్నాను. దొరకని రబ్బరు ముక్క కోసం ఒకసారి నగొయా దాకా వెళ్ళొచ్చాను.

ఇది రోటరీ ఇంజిన్ అని, లోపల తిరిగేది పిస్టన్ కాదని చిజురుకి మొదట అర్థమయ్యేలా చెప్పింది షుజియే. ఆమె చుట్టిన మూడుమూలల అన్నపు ముద్దని గుండ్రటి డబ్బాలో పెట్టి తిప్పి చూపించాడు. "ఇదే వదినా, మూడు మూలలూ గోడని రాసుకుంటూ తిరగాలి, ఒక్క మెతుకు జారకూడదు" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆమె నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది. ఈ మధ్య అలా నవ్వినట్టు గుర్తు లేదు.

ప్రతి ఏడూ వాడు పోయిన రోజున ఈ కారులో కొండదాకా వెళ్తాను. నిండు వేగంలో ఆ చప్పుడు వింటుంటే వాడు పక్కన ఉన్నట్టే ఉండేది. ఏటా నవంబరులో రోటరీ ఇంజిన్ కార్లున్న వాళ్ళందరూ కలిసేచోట ఎన్నిసార్లు చెప్పానో, వంద ఇంజిన్లలో కూడా మా షుజి బిగించినది చెవితో పోల్చుకుంటానని.

ఎవరి చప్పుడు విన్నాను నేను.

మే 19

అడిగాను.

చిజురు వంటింట్లో బల్ల దగ్గర పెద్ద చిక్కుడు గింజలు ఒలుస్తోంది. "కారులో ఉన్న ఇంజిన్ ఎవరిది?" అన్నాను. ఆమె వేళ్ళు ఆగాయి. తర్వాత మళ్ళీ ఒలవసాగాయి. ఆ ఆగడంతోనే నాకు అర్థమైపోయింది.

"ముకైదా గారు పెట్టింది. 2004లో."

"నీకు తెలుసా?"

"నేనే పెట్టమన్నాను."

కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచాను. ఆమె లేవలేదు.

"నేను నడుపుతుంటే ఇంజిన్‌లో నీళ్ళయిపోయాయి. చూసుకోలేదు. వేడెక్కి పోయింది. మీరు అప్పుడు నాగసాకిలో ఉన్నారు. అంతే."

"నీకు తాళం ఎవరిచ్చారు?"

"మీరే. మూడు నెలలు ఊళ్ళో ఉండను, పది రోజులకోసారి తిప్పు, లేకపోతే బిగుసుకుపోతుందని. కాగితం మీద పన్నెండు అంశాలు రాసి మరీ ఇచ్చారు."

ఇచ్చి ఉంటాను. తిప్పమన్నాను గానీ తగలబెట్టమనలేదు.

"వేడి చూపించే ముల్లు చూడమని రాయలేదా అందులో?"

"ఏడో అంశం" అంది.

"పాత ఇంజిన్ ఏమైంది?"

"తుక్కులో వేశారు."

కురె షిప్‌యార్డులో ముప్పై నాలుగేళ్ళు భద్రత నేర్పినవాణ్ణి. ప్రతి వాల్వు ముందూ ఆగి, వేలు చూపించి, పేరు పలికి, "మూసి ఉంది, సరి" అని గట్టిగా అనాలి. మనిషి మరిచిపోతాడు, కన్ను మోసపోతుంది, కానీ వేలూ కన్నూ నోరూ కలిస్తే తప్పు జరగదు. పదకొండు వందల మందికి నేర్పాను. నా ఇంట్లో నా పెళ్ళాం ఒక ముల్లు చూడలేకపోయింది. అదంతా ఆమెతో అన్నాను. చివరికి ఇంకో మాట కూడా అన్నాను.

"షుజిని రెండోసారి చంపావు."

ఆమె ఒలిచిన తొక్కలు పేపర్లో చుట్టింది. చేతులు కడుక్కుంది. 

మే 20

చిజురు ఒనొమిచిలో తన అక్క మిసావో ఇంటికి వెళ్ళిపోయింది. చిన్న పెట్టె ఒకటే తీసుకుంది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అంది: "గ్యాస్ కట్టేశాను. వేలు చూపించి మరీ."

ఎగతాళి చేస్తోంది. చేసిందంతా చేసి.

మే 22

షుజి ఫొటో ముందు అన్నం పెట్టాను.  నీ ఇంజిన్ని మీ వదిన చంపిందని చెప్పాను.

మే 25

నాది కోపం కాదు. దెబ్బ తగిలినవాడికి నొప్పి ముందు తెలియదు, ఒళ్ళు మొద్దుబారుతుంది. పది రోజులుగా అలాగే ఉంది. చెంచా పట్టుకుని ఎందుకు పట్టుకున్నానో మరిచిపోతున్నాను.

మే 29

వర్షాలు మొదలయ్యాయి. ఫోన్ రాలేదు. నేనూ చేయను.

జూన్ 3, శనివారం

రిత్సుకి కాగితం దొరికింది. 2004 అక్టోబరు నాటి పని చీటీ. ముకైదా పెద్దాయన రాత నాకు బాగా తెలుసు, కొక్కేల్లాంటి అక్షరాలు. రిత్సు చదివి, చదివింది నమ్మలేనట్టు నా చేతికిచ్చింది.

"వెనక ప్లేటు దగ్గర నీటి రింగు గాడి తప్పి నలిగింది. కొద్దికొద్దిగా కారి, చివరికి తెగింది. బిగించినప్పటి తప్పు. నడిపినవారి తప్పు కాదు."

చీటీకి ఒక కవరు కుట్టి ఉంది. దాంట్లో నల్లటి రబ్బరు రింగు, ఇంజిన్ నీళ్ళు కారకుండా గాడిలో కూర్చునేది. గుండ్రంగా వెళ్ళి వెళ్ళి ఒకచోట బియ్యపుగింజంత మేర చదునుగా నలిగి ఉంది.

"పిన్ని తప్పేం లేదు బాబాయ్" అంది రిత్సు. "ముల్లు చూసినా ఆగేది కాదు. ఇలా తెగితే రెండు నిమిషాల్లో నీళ్ళన్నీ పోతాయి."

"ఎనిమిదేళ్ళు నడిచింది కదా."

"నలిగింది ఇంతే కదా. ఎనిమిదేళ్ళు పట్టుకుంది, అదీ మీ అదృష్టమే."

రింగుని వెలుతురులో తిప్పుతూ, వాళ్ళ నాన్న గురించి చెప్పుకుంటూ పోయింది. "ప్లేటు దించేటప్పుడు నాన్న ఎవరినీ ఒంటరిగా చేయనిచ్చేవాడు కాదు. ఒకరు దించాలి, రెండోవాళ్ళు తల వంచి రింగు గాడిలోనే ఉందా అని చుట్టూ చూడాలి. చూసి చెప్పాకే వదలాలి. మరి ఆ రోజు షుజి బాబాయ్‌తో ఎవరున్నారు?"

గుర్తు లేదన్నాను.

రింగు అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఈ పుస్తకం పక్కనే ఉంది.

జూన్ 4

షుజికి అప్పటికే ఒంట్లో బాగాలేదేమో. చేతులు వణికి ఉంటాయి. బయటికి చెప్పుకునే రకం కాదు వాడు. ఆ వేసవిలో బాగా చిక్కాడని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. పాపం, ఆ స్థితిలో అంత బరువైన ప్లేటు. వాణ్ణి తప్పు పట్టను. ఎవరూ పట్టకూడదు.

జూన్ 5

చిజురుకి ఉత్తరం మొదలుపెట్టాను. "నీ తప్పు లేదని తెలిసింది" అని రాశాను. తప్పు ఎవరిదో రాయాల్సిన చోట ఆగిపోయాను. చించేశాను.

జూన్ 6

వాడికి జబ్బు బయటపడింది 1998 జనవరిలో. 1996 వేసవిలో ఇక్కడి రేవులో ఈత పందెం గెలిచాడు. ఫొటో ఉంది. చిక్కి లేడు.

రబ్బరే నాసిరకమై ఉండొచ్చు.

జూన్ 8

రేడియో ఉంది.

జూన్ 9

షెడ్డులో కిటికీ మీద రేడియో ఉండేది. మన బేస్‌బాల్ జట్టు కార్ప్ మ్యాచ్ వస్తోంది. ఆ ఏడు కప్పు మనదేనని ఊరంతా నమ్మింది. ఫ్యాను తిరుగుతోంది, ఈలపురుగులు రొద పెడుతున్నాయి. షుజి బనియన్‌తో ఉన్నాడు. ఇవన్నీ ఇంత బాగా గుర్తున్నవాడికి ఎవరున్నారో గుర్తు లేదట.

జూన్ 10

"సరి" అన్న గొంతు నాది.

జూన్ 11, ఆదివారం

రాస్తాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు, అయినా రాయడానికి మూడు రోజులు పట్టింది.

షుజి ప్లేటుని రెండు చేతులతో పట్టుకుని కిందికి దించుతున్నాడు. ఆఖరి వేలెడు దూరంలో ఆపాడు. బరువుకి వాడి మెడ నరాలు ఉబ్బాయి. "అన్నయ్యా, రింగు?" అన్నాడు. వేలు చూపించి పలకడం వాడికి నేర్పింది నేనే. మా యార్డు పద్ధతి మీ షెడ్డులోనూ పెట్టండని ముకైదా పెద్దాయన్ని ఒప్పించింది కూడా నేనే.

నేను పక్కన నిలబడ్డాను. చెయ్యి చాచాను. వేలు రింగు వైపే ఉంది. రేడియోలో ఆఖరి ఇన్నింగ్స్, మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి, ఏ క్షణమైనా ఆట తేలిపోతుంది. తల వంచలేదు. కన్ను కిటికీ వైపు పోయింది, రేడియోలో కనిపించేది ఏమీ ఉండదని తెలిసి కూడా.

"రింగు గాడిలో ఉంది, సరి" అన్నాను.

వాడు నమ్మి వదిలాడు.

బోల్టులు బిగించేటప్పుడు అడిగాడు కూడా. "చూశావు కదా అన్నయ్యా?" అని. "నాకే నేర్పుతావుట్రా" అన్నాను. ఇద్దరం నవ్వాం. కార్ప్ గెలిచింది.

వేలు వెళ్ళిన చోటికి కన్ను వెళ్ళాలి. ఈ మాట ఎన్ని వేలసార్లు అన్నానో. కంచే చేను మేసింది. పైగా ఇరవై ఏడేళ్ళు ఆ చేను గురించే గొప్పలు చెప్పుకుంది.

నాకు సిగ్గుగా ఉంది. దుఃఖం కంటే సిగ్గే ఎక్కువగా ఉంది. ఇంకా ఒకటి ఉంది, అది భయం. ఇంజిన్ కాబట్టి ఎనిమిదేళ్ళకి బయటపడింది. యార్డులో ముప్పై నాలుగేళ్ళలో వేలు ఒకచోటా కన్ను ఇంకోచోటా పెట్టి ఎన్నిసార్లు "సరి" అన్నానో నాకు తెలియదు. ఎవరికీ ఏమీ కాలేదు. అది నా గొప్ప కాదని ఇవాళ తెలిసింది.

జూన్ 12

రిత్సు ఫోన్ చేసింది. సామాన్లు వచ్చాయట, గురువారం బిగిద్దామంది.

"రెండో మనిషిగా మీరొస్తారా బాబాయ్? షుజి బాబాయ్ జ్ఞాపకంగా ఉంటుంది."

వేరే ఎవరినైనా చూసుకోమన్నాను. ఎందుకని అడిగింది. చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.  "పిన్నితో చెప్పారా?" అంది.

జూన్ 13, మంగళవారం

ఒనొమిచి వెళ్ళాను. రైల్లో.

స్టేషన్ నుంచి మిసావో ఇంటికి మెట్లు ఎక్కాలి, మూడు చోట్ల ఆగాను. మిసావో తలుపు తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "వచ్చావా నాయనా, ఇంకో నెల పడుతుందనుకున్నాను" అని, వరండా చూపించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చిజురు వరండాలో ఊరవేయడానికి పచ్చి ఉమె కాయలు పోసుకుని కూర్చుంది. వెదురుపుల్లతో ఒక్కో కాయ తొడిమె తీసి పక్కన వేస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. 

"రింగు నేను చూడలేదు" అన్నాను. "షుజి అడిగాడు. చూడకుండానే సరి అన్నాను."

"తెలుసు" అంది.

పుల్ల ఆగలేదు. 

"ఎప్పటి నుంచి?"

"ఇంజిన్ పోయిన రోజు నుంచే. ముకైదా గారు రింగు చూపించి, ఈ పనికి ఇద్దరుంటారమ్మా అన్నారు, ఒకరు దించుతారు, ఒకరు చూస్తారు. దించినవాడు ఎలాగూ లేడు. చూసింది ఎవరని అడిగాను. ఆయన టోపీ తీసి నేల చూశారు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడు మీరు నాగసాకిలో ఏం చేస్తున్నారు? రెండొందల మందికి అదే నేర్పుతున్నారు. ఇది తెలిస్తే మర్నాడు వేలు ఎత్తగలిగేవారా? మీరు ఎత్తకపోతే అక్కడ ఎవడో ఒకడు చచ్చేవాడు. అందుకే వేరే ఇంజిన్ పెట్టెయ్యమన్నాను."

"రిటైరయ్యాకయినా చెప్పొచ్చు కదా."

"అప్పటికి అలవాటైపోయింది."

"మొన్న నేను అన్ని మాటలన్నప్పుడు? నువ్వే చేశావని చెప్పావు. నీళ్ళు చూసుకోలేదన్నావు."

"మరేం చెప్పమంటారు?" అంది. మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "షుజి అని చెప్పనా? మీరు అని చెప్పనా? నా పేరొక్కటే మిగిలింది."

చాప మీద చేతులు ఆనించి తల నేలకి తాకించాను. పెళ్ళయి నలభై మూడేళ్ళలో ఆమె ముందు ఎప్పుడూ అలా వంగలేదు. ఆమె వద్దనలేదు. లేవమనీ అనలేదు. నా అంతట నేనే లేచాను. తిరుగు టిక్కెట్లు రెండు కొన్నానని చెప్పాను. చీకటి పడకముందే ఇంటికి పోదామన్నాను.

చిజురు పుల్ల కింద పెట్టి, చేతులు తుండుగుడ్డకి తుడుచుకుంది.

"పందొమ్మిదేళ్ళు మోశానండీ. అన్నం దగ్గర కూర్చుని షుజి చెయ్యి తప్పదని మీరు అన్న ప్రతిసారీ మోశాను. ఏటా కొండ నుంచి వచ్చి, ఇవాళ వాడు మాట్లాడాడు అంటూ కళ్ళు తుడుచుకుంటే ఊఁ కొట్టాను. రెండోసారి చంపావన్నారు, అప్పుడూ కింద పెట్టలేదు. ఇప్పుడు మీకు తెలిసింది కదా. ఇక మీరు మొయ్యండి. నేను కాసేపు కూర్చుంటాను."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, ఏదో ఒకటి బదులు చెప్పేవాణ్ణి. ఎంతసేపు అని మాత్రం అడగగలిగాను.

ఆమె నిజంగానే ఆలోచించింది. కింద రేవులో అవతలి ఒడ్డుకి పోయే పడవ కూత వేసింది. అది కనుమరుగయ్యేదాకా అటే చూసింది.

"తెలీదు" అంది. "ఇంతవరకు ఎప్పుడూ కూర్చోలేదు."

ఒక్కణ్ణే మెట్లు దిగి స్టేషన్‌కి వచ్చాను.